పదిహేను పుస్తకాల్లో ఒక పురుడు

నిరంతర సంరక్షణ అంటే ఏమిటో చూపించడానికి ఉమామహేశ్వరి మేడమ్ పదహారుమంది నర్సింగ్ విద్యార్థినులను బస్సెక్కించుకుని మైదానం నుంచి అరకు వచ్చింది. వచ్చింది రెండు రోజులకు. అందులో మొదటి పూట టైడా దగ్గర చెట్ల మధ్య ఫొటోలకే పోయింది. సాయంత్రం చాపరాయి దగ్గర నీళ్లలో ఆటలు, మర్నాడు పొద్దున్న బొర్రా గుహలు, మధ్యలో బొంగులో చికెన్. ఇవన్నీ తీసేస్తే పాఠానికి మిగిలింది మూడు గంటలు. తొమ్మిది నెలలూ, పురుడయ్యాక నలభై రోజులూ ఒకే మనిషి ఒక ఆడమనిషిని కనిపెట్టుకుని ఉండటం అనే సంగతిని ఆ పిల్లలు ఆ మూడు గంటల్లో నేర్చేసుకోవాలి. ఆ మూడు గంటల్లోనే టిఫినూ తినాలి.

పాఠం చెప్పవలసింది నీలవేణి. ఆ లోయలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఆమె మిడ్‌వైఫ్. నలభై మూడేళ్ల మనిషి. పాచిపెంట పైన కొండల్లో పుట్టి, ఆశ్రమ పాఠశాలలో చదివి, విశాఖలో నర్సు కోర్సు చేసి, పదిహేనేళ్లు వార్డుల్లో అరిగి, ఆ తర్వాత ఏడాదిన్నర పాటు పురుళ్ల పనే ప్రత్యేకంగా నేర్చుకుని వచ్చింది. ఆమె చేయి మంచిది, నోరే మంచిది కాదని ఆసుపత్రిలో అందరూ అంటారు. ఆ మాట ఆమె చెవిన కూడా పడింది. మంచి నోరు పెట్టుకుని ఉంటే ఈపాటికి పెద్ద డాక్టరు గదిలో వచ్చినవాళ్లకు టీలందిస్తూ ఉండేదాన్నని అనుకుని ఊరుకుంది.

ఆమె చేసే పని చెప్పుకుంటే చాలా చిన్నది. ఒకామె కడుపుతో ఉందని తెలిసిన నాటి నుంచి తనే చూస్తుంది. పొట్ట తనే కొలుస్తుంది. నొప్పులప్పుడు తనే పక్కన కూర్చుంటుంది. ఆ తర్వాత ఇంటికి తనే వెళుతుంది. ఏడాదికి ముప్పైమంది, ఒక్కొక్కరికి లాంగ్ నోట్‌బుక్కులో రెండేసి పేజీలు. ఈమాత్రం దానికి ఒక పెద్ద పేరు పెట్టి, ఆ పేరుతో పోస్టరు వేసి, ఆ పోస్టరు కింద నిలబడి ఫొటోలు దిగేవాళ్లను చూస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది.

ఆసుపత్రి వెనక, నెలలు నిండిన కొండ ఊళ్ల ఆడవాళ్లు వచ్చి ఉండే వసతి హాలు ఒకటి ఉంది. అక్కడే పాఠం. మేడమ్ ప్రొజెక్టరు తెచ్చింది. పెట్టగానే కరెంటు పోయింది. దాంతో ఆవిడ ఒక పిల్లను లేపి నిర్వచనం అప్పజెప్పమంది. ఆ పిల్ల కళ్లు మూసుకుని, ఊపిరి తీసుకోకుండా, ఎక్కడా తడబడకుండా మొత్తం చెప్పేసింది. మేడమ్ మొహం వెలిగిపోయింది.

"చాలా బాగుంది. ఇప్పుడు నేనొకటి అడుగుతాను," అంది నీలవేణి. "గంట నుంచి ఈ హాల్లో తిరుగుతున్నారు. ఇక్కడ ఏడుగురు ఆడవాళ్లున్నారు. ఒక్కరి పేరు చెప్పండి."

ముందు వరసలోని పిల్ల ఒక్కతే ధైర్యం చేసింది. "రెండో బెడ్... రెండో కాన్పు, మేడమ్."

"బెడ్డుకు కాన్పవదమ్మా," అంది నీలవేణి.

వెనక బల్ల మీద ఒక పిల్ల మాత్రం పాఠంలో లేదు. పేరు సుమ. ఘాట్ రోడ్డు మలుపులన్నింటికీ ఒక్కో వాంతి చేసుకుని, నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని గోడకు చేరగిలబడి ఉంది. మళ్లీ బస్సెక్కమంటే చచ్చిపోతాననేలా ఉంది ఆమె వాలకం.

ఆ రెండో బెడ్డు మీద ఉన్నామె పేరు సోని. పై కొండ మీది ఊరు. భర్త మంగ్లుకు ఎకరం కాఫీ, కొంచెం కొర్ర చేను. మూడేళ్ల కిందట మొదటి కాన్పుకు ఆమెను కింద ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ ఒక రాత్రి, ఒక పగలు ఏడుగురు వచ్చి ఆమెను లోపల చెయ్యి పెట్టి చూశారు. వచ్చిన మొహం మళ్లీ రాలేదు. ఏడుగురికీ ఏడుసార్లు మొదటి నుంచీ చెప్పుకోవలసి వచ్చింది, ఎనిమిదోసారి చెప్పలేక అరిస్తే తొడ మీద కొట్టారు. బిడ్డ దక్కింది. కానీ రెండో కాన్పు ఇంటి వెనకాలే అవుతానని, ఎవరడ్డొచ్చినా కొండ దిగనని సోని తేల్చి చెప్పేసింది.

ఆమెను ఒప్పించడానికి నీలవేణి నాలుగుసార్లు కొండెక్కింది. నాలుగోసారి ఒక మాటిచ్చింది. "నిన్ను నేనొక్కదాన్నే సూత్తాను. మరెవులకీ మొదట్నించీ సెప్పుకోనక్కర్లేదు. కిందకి పంపను." ఆ మాట మీద సోని వచ్చి తొమ్మిది రోజులుగా ఆ మంచం మీద కూర్చుని ఉంది. ఆ మాట తప్పితే సోని ఒక్కతే కాదు, ఆ కొండ మీది ఆడవాళ్లెవరూ మళ్లీ ఆసుపత్రి గుమ్మం తొక్కరు. నీలవేణికి అది బాగా తెలుసు.

టిఫిను తిన్నాక మేడమ్ కంప్యూటరు గదిలోకి వెళ్లి, ఒక కాగితం ఊపుకుంటూ వచ్చింది. లాటరీ తగిలినట్టుంది ఆవిడ సంబరం. "అమ్మాయిలూ, ఇటు రండి. హై రిస్క్ కేసు దొరికింది. నెలలు నిండి రెండు వారాలు దాటిపోయింది. ఎర్ర గుర్తు పెట్టి ఉంది చూడండి. ఈమెను రిఫర్ చేయాలి. అంబులెన్సు ఎక్కించేదాకా అన్నీ ఫొటోలు తీసుకోండి."

ఆ ఎర్ర గుర్తు సోనిది.

ఆ గుర్తు కథ ఇది. కొండ ఊళ్ల ఆడవాళ్లు ఆఖరి ముట్టు తేదీని నెల పేరుతో చెప్పరు, పండగలతో చెబుతారు. సోని కూడా అలాగే, కొర్రకొత్త తిన్న మూడో రోజున అని చెప్పింది. కొత్త కొర్రలు ఊరి దేవతకు పెట్టి, ఆ తర్వాతే తినే పండగ అది. ఏ ఊరి పండగ ఎప్పుడో ఆ ఊరి దిసారి రోజు చూసి చెబుతాడు. ఒక ఊరు తిన్ననాడు పక్క ఊరు తినాలని ఏమీ లేదు. ఆ వివరాలు కంప్యూటరులోకి ఎక్కించింది ఆసుపత్రిలో ఆ పని చూసే రవిబాబు. మైదానం నుంచి వచ్చినవాడైతే, కొర్రకొత్త ఏమిటి, అది ఎప్పుడు అని అడిగి ఉండేవాడు. రవిబాబుది ఈ లోయలోనే రోడ్డు పక్క ఊరు. పుట్టిన దగ్గర్నుంచీ కొర్రకొత్త తింటున్నవాడు. అందుకని ఎవరినీ ఏమీ అడగకుండా, తన ఊరి పండగకు మూడు రోజులు కలిపి ఆగస్టు ఇరవై ఎనిమిది అని కొట్టేశాడు. ఆ ఏడాది సోని ఊళ్లో ఒక పెద్దమనిషి పోయి, పండగ నాలుగు వారాలు ఆలస్యమైంది.

నీలవేణి ఆ తప్పును నాలుగో నెలలోనే పట్టుకుంది. కార్డు మీద కొట్టేసి సరిగ్గా రాసింది. కంప్యూటరులో మాత్రం ఒకసారి ఎక్కిన తేదీ మారదట. మూడు ఉత్తరాలు రాస్తే, వచ్చే అప్‌డేట్‌లో చూస్తామని మూడుసార్లు జవాబొచ్చింది. మనిషి కడుపు కూడా వచ్చే అప్‌డేట్ దాకా ఆగుతుందని వాళ్ల నమ్మకం కాబోలు.

డాక్టరు లక్ష్మీప్రసాద్‌ను పిలుచుకొచ్చారు. వచ్చి నాలుగు నెలలైన కుర్ర డాక్టరు. చెడ్డవాడు కాదు. కానీ జబ్బుకన్నా ఎక్కువగా, తర్వాత ఎవరేమడుగుతారో అని భయపడేవాడు. కాగితం చూడగానే 108కి ఫోను చేయబోయాడు.

"తేదీ తప్పండి సార్," అంది నీలవేణి. "ఈమె ఊళ్లో కొర్రకొత్త సెప్టెంబరు ఇరవై రెండున తిన్నారు. ఇప్పటికి ముప్పై ఎనిమిది వారాలు. ఇంకా రెండు వారాలుంది."

ఉమామహేశ్వరి మేడమ్ నవ్వింది. పిల్లలు కూడా నవ్వవచ్చని అర్థమై పిల్లలూ నవ్వారు. "పండగల లెక్కతో పురుడు పోస్తారా సిస్టర్? సైన్సు అనేది ఒకటుంటుంది కదా."

"ఉంటుంది మేడమ్. మీ కాగితంలో ఉన్నదీ పండగ లెక్కే. కాకపోతే అది రవిబాబు వాళ్ల ఊరి పండగ."

రవిబాబును పిలిచి అడిగారు. అతను కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. "కొర్రకొత్త ఎప్పుడో నాకు తెల్దా అక్కా?" అన్నాడు. "మీ ఊరిది నీకు తెలుసు నాయనా. ఆల్ల ఊరిది అడిగినావా?" అంది నీలవేణి. అతను అడగలేదని ఒప్పుకున్నాడు.

నీలవేణి నోట్‌బుక్కు తెరిచి డాక్టరు ముందు పెట్టింది. నెలనెలా టేపు పెట్టి కొలిచిన పొట్ట కొలతలు, బిడ్డ మొదటిసారి కదిలిందని సోని చెప్పిన రోజు, జనవరి ఆఖరి సంతనాడు. అన్నీ సెప్టెంబరు లెక్కకే సరిపోతున్నాయి. డాక్టరు చూశాడు. అర్థమైంది. అయినా అతని చూపు మళ్లీ ఆ ఎర్ర గుర్తు మీదికే పోయింది.

"మీరు చెప్పింది నిజమే కావచ్చు సిస్టర్. కానీ రేపు ఏమైనా అయితే అడిగేది నన్ను. పంపేస్తే వాళ్లే చూసుకుంటారు. అవసరమైతే ఆపరేషను చేస్తారు."

మంచం మీంచి సోని ఇదంతా వింటోంది. ఆమె లేచి వచ్చి నీలవేణి చెయ్యి పట్టుకుంది. గొంతు పెంచలేదు. "అక్కా, నన్ను బండెక్కిత్తే మద్దిలో దిగిపోతాను. అడివిలోనే కనేత్తాను. కిందకెల్లను."

నీలవేణి కేసు షీటు తీసుకుంది. తేదీ ఎందుకు తప్పో వివరంగా రాసి, ఇక్కడే ఉంచి తానే చూసుకుంటానని, ఏం జరిగినా బాధ్యత తనదేనని రాసి సంతకం పెట్టింది. డాక్టరు ఆ సంతకం చూసి, రేపు పొద్దున్న పది గంటల వరకు ఆగుతానన్నాడు. అప్పటికీ నొప్పులు రాకపోతే బండి వస్తుంది. అంబులెన్సు రాదని తెలిసి పిల్లలు ఫోన్లు లోపల పెట్టుకున్నారు. మేడమ్ గడియారం చూసుకుని, చాపరాయికి పొద్దుపోతోందంది. వచ్చిన బస్సు వచ్చినట్టే వెళ్లిపోయింది. ఒక్క సుమను మాత్రం, సీట్లు పాడుచేస్తుందని హాల్లోనే వదిలేసి వెళ్లారు.

సంతకం పెట్టినంత ధైర్యంగా నీలవేణి లేదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పదు గనుక మనమే చెప్పుకోవాలి. గంటకోసారి బిడ్డ గుండె వింది. రెండుసార్లు నోట్‌బుక్కు మొదటి నుంచీ చదువుకుంది. ఒకవేళ సోనికే పండగ సరిగ్గా గుర్తు లేకపోతే? దిసారికి ఫోను చేయిద్దామంటే ఆ కొండ మీద సిగ్నల్ లేదు. తను పంతం కోసం చేస్తోందా, సోని కోసం చేస్తోందా అని కూడా ఒకసారి అనిపించింది. భయం వేసింది. భయం వేసినప్పుడల్లా వెళ్లి సోని పొట్ట మీద చెయ్యి పెట్టింది.

తెల్లవారుజామున అయిదింటికి నొప్పులు వాటంతటవే వచ్చాయి. సుమకు అప్పటికి కడుపులో తిప్పడం తగ్గింది. ఊరికే నిలబడకుండా నడుం రుద్దమని నీలవేణి అంటే వచ్చి కూర్చుంది. ఎక్కడ రుద్దాలో సోనియే చెప్పింది. "కొంచెం కిందకి గుంటా. ఆ... ఆడే." అలా నాలుగు గంటలు రుద్దింది. మధ్యలో ఒకసారి, "అక్కా, మీ పేరేంటి?" అని అడిగింది. సోని నొప్పి మధ్యలోనే ఆ పిల్ల వంక చూసి తన పేరు చెప్పింది, పెద్దకూతురి పేరు కూడా చెప్పింది. నీలవేణి సోనిని మంచం మీద కట్టిపడేయలేదు. కావలసినట్టు నడవనిచ్చింది, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడనిచ్చింది. లోపల చెయ్యి పెట్టి చూసింది రెండే రెండుసార్లు, అదీ అడిగి.

పది కాకముందే, ఇంకా పావుగంట ఉండగా, ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఎనిమిది వందలు. ఒళ్లంతా తెల్లటి జిగురు వెన్న పూసినట్టుంది. డాక్టరు వచ్చి బిడ్డను తిప్పి తిప్పి చూశాడు. నెలలు దాటిపోయిన బిడ్డయితే చర్మం ఎండి పొరలు లేస్తుంది, ఆ జిగురు ఉండదు. అతనికి ఆ సంగతి తెలుసు. "ముప్పై ఎనిమిదే," అన్నాడు మెల్లగా. ఆ తర్వాత తనే 108 వద్దని చెప్పడానికి బయటికి వెళ్లాడు. అనడానికి నీలవేణి దగ్గర చాలా మాటలున్నాయి గాని, ముందు సోనికి గంజి తాగించాలి.

మధ్యాహ్నం బస్సు తిరిగొచ్చింది. పిల్లల చేతుల్లో కాఫీపొడి పొట్లాలు, వెదురు బుట్టలు. మేడమ్ చేతుల్లో పదిహేను పుస్తకాలు. నర్సింగ్ కోర్సులో ప్రతి విద్యార్థినీ కొందరు గర్భిణులను మొదటి నుంచి చివరి దాకా వెంట ఉండి చూసి, ఆ వివరాలు రాసి, అక్కడి మిడ్‌వైఫ్‌తో సంతకం పెట్టించుకోవాలి. "ఈ సోని కేసే అందరికీ రాయించేశాను సిస్టర్. సంతకాలు పెట్టేస్తే నాలుగింటికి బయల్దేరిపోతాం," అంది మేడమ్.

నీలవేణి మొదటి పుస్తకం తెరిచింది. ఆఖరి ముట్టు ఆగస్టు ఇరవై ఎనిమిది. నాలుగో నెల నుంచి తొమ్మిదిసార్లు చూశాను. పెద్దాసుపత్రికి పంపించగా అక్కడ ఆపరేషను ద్వారా మగబిడ్డ, మూడు కిలోలు. నలభయ్యో రోజు వరకు వారానికోసారి ఇంటికి వెళ్లి తల్లినీ బిడ్డనూ చూశాను. రెండో పుస్తకంలోనూ అదే. పదిహేనో పుస్తకంలోనూ అదే మగబిడ్డ, అవే మూడు కిలోలు. సోనికి నొప్పులు రాకముందే, రాత్రి రిసార్టులో, పదిహేనుమంది కలిసి ఆమెకు ఆపరేషను చేయించి, కొడుకును పుట్టించి, నలభై రోజులు కూడా గడిపేశారు. టైము కలిసి వస్తుందని మేడమే చెప్పి రాయించిందట. రిసార్టులో లేదు గనుక సుమ పుస్తకం మాత్రం ఖాళీగా ఉంది.

ఆ రాత చూడగానే పోల్చుకుంది నీలవేణి. ఇరవై ఏళ్ల కిందట విశాఖ హాస్టల్లో, పరీక్ష ముందు రోజు, తనూ ఇలాగే రాసింది. ఐదో కేసుకు పేరు దొరక్క సొంత మేనత్త పేరు రాసింది. మేనత్త అప్పటికి కడుపుతోనే లేదు. ఎవరూ అడగలేదు, సంతకం పడింది. తనను తాను అసహ్యించుకోవడం నీలవేణికి పెద్దగా అలవాటు లేదు. ఆ క్షణాన మాత్రం కడుపు నిండా అసహ్యించుకుంది.

"వీళ్ల భవిష్యత్తు సిస్టర్," అంది మేడమ్, ఆమె మెత్తబడిందనుకుని. "సంతకాలు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు."

"పెడతాను. ఒక్కటే షరతు. సోని ముందర చదివి వినిపించమనండి. ఆమె ఔనంటే పదిహేనింటి మీదా పెడతాను."

పదిహేనుమందీ సోని మంచం చుట్టూ నిలబడ్డారు. నిర్వచనం అప్పజెప్పిన పిల్లే పుస్తకం పట్టుకుంది. ఈసారి మాత్రం తడబడింది. ఆపరేషను దగ్గర ఒక లైను వదిలేసింది, మగబిడ్డ దగ్గర దగ్గింది. చివరికి నలభయ్యో రోజు వాక్యానికి వచ్చింది. అది దాటేయడానికి దారి లేదు. నేల చూస్తూ చదివింది. "వారానికోసారి ఇంటికి వెళ్లి తల్లినీ బిడ్డనూ చూశాను."

సోనికి చదువు రాదు. పుస్తకంలో రాసుకున్నారంటే అది చేయబోయే పనే అని ఆమె అనుకుంది. రాసుకున్నది చేయకుండా ఉంటారని ఆమెకు ఎలా తెలుస్తుంది? అందరి వంకా చూసింది. మొహంలో అలసట, దాని మీద చిన్న సంతోషం.

"వారంవారం ఇంతమందీ వత్తారా?" అంది. "మంచిదే. శుక్రారం రాకండి, సంతకెల్లిపోతాం. మంగళారం రండి. దారి సెప్తాను. పెద్ద రోడ్డుకాడ జీపు దిగీసి కాఫీ తోటల్లోంచి పైకి నడవాల. గంట పడతాది. వాగొత్తాది. వానాకాలం గదా, బేగి దాటియ్యాల, మద్దేన్నమైతే నీలెక్కువైపోతాయి. అది దాటీసినాక రెండు దార్లుంటాయి. మంగ్లు ఇల్లని అడిగితే ఎవులైనా సెప్తారు. జావ కాసి ఉంచుతాను, తాగీసి ఎల్దురుగాని."

పుస్తకం పట్టుకున్న పిల్ల దాన్ని మూసి గుండెకు ఆనించుకుంది. బయట డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. ఉమామహేశ్వరి మేడమ్ పుస్తకాలన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకుని సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది. నీలవేణి ఆవిడకేసి చూడలేదు. సోని పక్కన కూర్చుని బిడ్డ మీద గుడ్డ సరిచేసింది.

సుమ బల్ల మీంచి తన ఖాళీ పుస్తకం తీసి, మొదటి పేజీ తిప్పి, పెన్ను పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది.

"వాగు దాటాక కుడివైపా, ఎడమవైపా అక్కా?"